చెవి మేస్త్రి పెట్రోలు

పంపు కారుతోందని భార్య, కారడం లేదని భర్త. బుధవారం పొద్దున ఆ ఇంట్లో మొదలైన తగువు ఇంతే.

“ఏవండీ, వంటింటి పంపు మళ్ళీ కారుతోంది. టిక్కు టిక్కుమని ప్రాణం తీస్తోంది.”

కార్ల మేస్త్రి అయిన భర్త వచ్చాడు. తల కాస్త పక్కకు వంచి, కళ్ళు మూసుకుని విన్నాడు. “ఎక్కడే? ఏమీ లేదు.”

“లేకపోవడమేమిటి, సరిగ్గా వినండి.”

“విన్నాను. ఆర్నెల్ల క్రితం నేను వేసిన వాషర్ అది. నేను వేశాక కారదు. నీ చెవుల్లో కారుతోందేమో చూసుకో.”

“పోనీ, కింద చెయ్యి పెట్టి చూడండి.”

“చెవితో తేలేదానికి చెయ్యెందుకు?”

కూతురు పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, “పంపు మీద విచారణ సంఘం వేద్దాం నాన్నా, ఆర్నెల్లలో నివేదిక ఇస్తుంది” అంది. నాయనమ్మ నవ్వింది. చెవి మెషిను పెట్టుకుని ఉన్నంతసేపూ ఆ ఇంట్లో ఆవిడ చెవిన పడని మాట ఉండదు.

చప్పుళ్ళ విషయంలో మేస్త్రితో వాదించడం మామూలు సాహసం కాదు. ముప్ఫై ఏళ్ళుగా కార్ల షెడ్డులో అందరూ ఆయన్ని చెవి మేస్త్రి అనే పిలుస్తారు. బండి గేటు దాటి లోపలికి వస్తుండగానే, బానెట్ ఎత్తకుండానే, ‘మూడో సిలిండరు’ అనో ‘బెల్టు వదులు’ అనో అనేసి మళ్ళీ టీ గ్లాసు అందుకునేవాడు. విప్పి చూస్తే అదే. తలుపు తాళం తిరిగే చప్పుడును బట్టి వచ్చింది పెళ్ళామో కూతురో చెప్పేవాడు. చాలా రోజులుగా అలా చెప్పడం మానేశాడన్న సంగతి భార్యకు ఆ పూట తట్టలేదు.

మేస్త్రి మనసు ఈ మధ్య ఇంట్లో లేదు. ఊరి బయటి రేసు ట్రాకును ఏడాదికి ఒక్క రోజు మామూలు కార్లకు వదులుతారు. ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉండాలి కారు, ఒక్క మరను కూడా మార్చకూడదు. వీళ్ళ కారుది కూతురి వయసు, ఇరవై రెండేళ్ళు. దానికి ఈ ఆదివారం చోటు దొరికింది. ఆ కబురు వచ్చిన దగ్గర్నుంచీ ఆయన కూర గిన్నె అందిస్తూ గాలిలో మలుపులు గీస్తున్నాడు, నిద్రలో కుడికాలు నొక్కుతున్నాడు. సాయంత్రాలు ఆపి ఉన్న కారులో కూర్చుని, స్టీరింగు మీద చేతులు వేసి, కళ్ళు మూసుకుని పందెం ఇరవై చుట్లూ పూర్తిచేసి దిగుతున్నాడు. పక్కన ఒకరిని కూర్చోనిస్తారని తెలిసినా, “ఎవరూ వద్దు, బరువు” అని ముందే చెప్పేశాడు.

ఇక మిగిలింది పెట్రోలు.

“రేసుకు వెళ్తూ వంద ఆక్టేన్ పోయించుకోవచ్చుగా నాన్నా? బంకులో ఇంత బోర్డు పెట్టారు” అంది కూతురు.

“వంద తాగినంత మాత్రాన గుర్రమైపోతుందా ఇది? ఆక్టేన్ అంటే బలం కాదే, ఓపిక. మంట తన దగ్గరికి వచ్చేదాకా ఆగగలిగే ఓపిక. ఇంజనుకు ఎంత ఓపిక కావాలో అంతే పోయాలి, మిగిలింది దండగ. తొంభై ఒకటి చాలని పుస్తకంలో రాసుంది. ట్యాంకులో ఇప్పుడున్నదీ అదే. రేపు ఎండలో కొండదారి ఎక్కించి వింటాను. గలగల వినిపిస్తే తొంభై ఐదు. వినిపించకపోతే తొంభై ఒకటే.”

ఆ గలగల ఏమిటో భార్యకు తెలుసు. మేస్త్రి పెళ్ళాంగా పాతికేళ్ళు గడిపాక తెలియకుండా ఎలా ఉంటుంది? ఓపిక చాలని పెట్రోలు ఇంజను వేడికి ఆగలేక తనంతట తాను భగ్గుమంటుంది. అప్పుడు సీసాలో గులకరాళ్ళు ఆడించినట్టు సన్నగా వినిపిస్తుంది. కొత్త కార్లయితే దాన్ని తామే కనిపెట్టి సర్దుకుంటాయి. ఈ ముసలిదానికి ఆ తెలివి లేదు, నడిపేవాడి చెవే దిక్కు. ఇరవై చుట్లు ఆ చప్పుడును వదిలేస్తే పిస్టన్లకు చిల్లులు పడతాయి. ఈ కారుకు మళ్ళీ ఇంజను దొరకదు.

గురువారం మధ్యాహ్నం భార్యాభర్తలిద్దరూ కొండదారి ఎక్కారు. ఎండ రోడ్డు మీద నీళ్ళలా పారుతోంది. మూడో గేరులో ఆయన కాలు నొక్కి పెట్టాడు. కిటికీ సగం దించి ఉంది, కొండ గోడకు తగిలి ఇంజను మోత వెనక్కి వస్తోంది. ఆ మోత అడుగున ఆమెకు గులకరాళ్ళు వినిపించాయి. సన్నగా, తెంపు లేకుండా.

“చూశావా? పట్టులా ఉంది” అన్నాడాయన.

“ఏదో గలగలమంటోందండీ.”

“డిక్కీలో నీ సీసాలేమో.”

డిక్కీ పొద్దున్నే ఖాళీ చేసి తుడిచింది ఆమే. ఆ మాట అనబోయి ఆయన ముఖం చూసింది. నిద్రలో నవ్వే పసివాడి ముఖంలా ఉంది. ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.

ఇంటికొచ్చేసరికి అత్తగారు వరండాలో ఆరిన బట్టలు మడత పెడుతోంది.

“అత్తయ్యా, చెవులు తగ్గుతున్నాయని మీకు ఎప్పుడు తెలిసింది?”

“నాకెక్కడ తెలిసింది? మొదట పిట్టలు పోయాయి. ఊళ్ళో పిట్టలన్నీ ఏమైపోయాయని రెండేళ్ళు మునిసిపాలిటీ వాళ్ళను తిట్టిపోశాను. మాటలు బాగానే వినపడేవి మరి. సన్న చప్పుళ్ళే ఒకటొకటిగా జారుకున్నాయి.” దుప్పటి అంచులు కలుపుతూ కోడల్ని పరీక్షగా చూసింది. “ఎందుకడిగావు?”

“ఊరికే.”

“ఊరికే అడిగే మనిషివా నువ్వు?” అని, జవాబు కోసం ఆగకుండా మెషిను తీసి ఒళ్ళో పెట్టుకుంది.

ఆ సాయంత్రం ఆమె వంటింటి కిటికీ దగ్గర చాలాసేపు కూర్చుంది. పంపు టిక్కుమంటోంది. గోడ గడియారం దానికి అడ్డం పడుతోంది. వీధిలో ఎవరిదో సైకిలు చక్రం కిర్రుమంటూ పోయింది. ఇవన్నీ ఆయనకు ఎప్పుడు వీడ్కోలు చెప్పాయో. నిద్రపోతున్న మనిషిని లేపడం ఇష్టంలేని చుట్టాల్లా, చెప్పులు చేత పట్టుకుని, మునివేళ్ళ మీద ఒక్కొక్కటే గడప దాటి ఉంటాయి. తాళం చెవి చప్పుడు వెళ్ళింది. చేతి గడియారం వెళ్ళింది. ఇంజన్లో గులకరాళ్ళు వెళ్ళాయి. ముప్ఫై ఏళ్ళు సుత్తుల మోతలో బతికిన చెవులు అవి. ఆయనకు మాత్రం అంతా పట్టులా ఉంది. చెవి మేస్త్రికి చెవి పోయిందని ఏ నోటితో చెప్పాలి? చెప్పకపోతే, ఇన్నాళ్ళ కల ఆదివారం ట్రాకు మీద ఆయన కళ్ళ ముందే పొగైపోతుంది.

శుక్రవారం ఆయన షెడ్డుకు వెళ్ళగానే కారు తీసింది. అదే కొండ, అదే ఎండ, అదే మూడో గేరు, కిటికీ అంతే దించింది. గులకరాళ్ళు. ఒకసారి విని ఊరుకునే మనిషి కాదు కనక మూడుసార్లు ఎక్కించింది. మూడుసార్లూ అంతే. అప్పటికి ట్యాంకు అడుగంటింది. బంకుకు పోయి తొంభై ఐదు పోయించి, పైపుల్లో పాతది అయిపోయేదాకా ఊరంతా తిప్పి, మళ్ళీ కొండెక్కించింది. ఈసారి ఇంజను మోత ఒక్కటే. దాని అడుగున ఏమీ లేదు. ఇంకో రెండుసార్లు ఎక్కించి, వంద అక్కర్లేదనీ తొంభై ఒకటి చాలదనీ తేల్చుకుని ఇల్లు చేరింది.

ఇంజను చల్లారాక మూడో సిలిండరు స్పార్కు ప్లగ్గు విప్పింది. ఎన్ని ఆదివారాలు ఆయన పక్కన నిలబడి ఆ స్పానరు అందించలేదు? ప్లగ్గు కొస తెల్ల పింగాణీ మీద మిరియప్పొడి చల్లినట్టు చుక్కలున్నాయి. వాటి మధ్య వెండి రవ్వలు మెరుస్తున్నాయి.

శనివారం మధ్యాహ్నం నలుగురూ భోజనానికి కూర్చున్నారు. ఆయన మంచినీళ్ళ గ్లాసు పక్కన చిన్న తెల్ల సాసరు, అందులో ప్లగ్గు.

“ఇదేమిటి, కొత్త వంటా?”

“కళ్ళజోడు పెట్టుకుని చూడండి.”

ప్లగ్గును వెలుతురుకేసి తిప్పుతూ చూశాడు. గోటితో గీకాడు. మళ్ళీ చూశాడు. ఆ వెండి రవ్వలు పిస్టను నుంచి లేచినవని ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. “ఎవరిదో గాని వీడు ఇంజన్ని చంపుతున్నాడు. చప్పుడు వింటూ కూడా తోలుతున్నాడా వెధవ? ఏ బండిదే ఇది?”

ఆమె కూర గిన్నె ఆయన వైపు జరిపింది.

కూతురు తల్లిని చూసింది, తండ్రిని చూసింది, ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయింది.

“మనదా?” అన్నాడాయన.

“మూడో సిలిండరుది. నిన్న తొంభై ఐదు పోయించి మళ్ళీ ఎక్కించాను. చప్పుడు ఆగిపోయింది.”

“గురువారం నువ్వన్న గలగల...”

“డిక్కీలో ఏమీ లేదండీ.”

నాయనమ్మ మెషిను సర్దుకుని, కొడుకు ముఖంలోకి కాకుండా కంచంలోకి చూస్తూ అంది. “నాకు మొదట పిట్టలు పోయాయిరా.”

మేస్త్రి లేచాడు. వంటింట్లోకి వెళ్ళి పంపు కింద అరచెయ్యి పట్టి నిలబడ్డాడు. ఒక చుక్క పడింది. కాసేపాగి ఇంకొకటి. చేతిలో చిన్న మడుగు కట్టేదాకా అలాగే, తల కాస్త పక్కకు వంచి, నిలబడ్డాడు. బల్ల దగ్గరి నుంచి ఆమెకు ఆ వీపు మాత్రం కనిపిస్తోంది. లేచి వెళ్ళాలనిపించింది, వెళ్ళలేదు.

ఆయన చెయ్యి తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు. ప్లగ్గున్న సాసరును పక్కకు జరిపి, కంచం ముందుకు లాక్కున్నాడు.

“రేపు తొంభై ఐదు. ట్యాంకు నిండా” అన్నాడు, షెడ్డులో పని ఒప్పజెప్పే గొంతుతో. “పంపుకు వాషర్ ఈ సాయంత్రం. సోమవారం అమ్మను చూసే డాక్టరు దగ్గరికి నేను కూడా.” తర్వాత భార్య వైపు తిరిగాడు. “రేపు పక్క సీట్లో నువ్వు కూర్చుంటున్నావు. గలగల మొదలైతే నోటితో చెప్పకు, ఆ మోతలో నాకు అందదు. మోకాలి మీద తట్టు. కాలు తీసేస్తాను.”