11.20కి కణ విభజన

ఆ ప్రయోగశాలలో మైక్రోస్కోపు చూసే ఆవిడని అందరూ దారాలక్క అనేవారు. కణం రెండుగా చీలే ముందు దాని రెండు కొనల నుంచి సన్నటి దారాలు బయలుదేరి క్రోమోజోములను పట్టుకుంటాయి. ఇరవై ఆరేళ్లుగా ఆవిడ ఆ దారాలనే వీడియో తీస్తోంది.

కొత్త డైరెక్టరుగారికి సమయపాలన అంటే ప్రాణం. కొత్త హాలు ప్రారంభానికి ఛైర్మనుగారు వస్తున్నారని కార్యక్రమ పత్రం అచ్చు వేయించారు. అందులో స్వాగత వచనాలకూ ఫలహారాలకూ మధ్య "11.20: కణ విభజన" అని ఉంది.

"కణం ఇది చదవలేదు కదండీ," అంది దారాలక్క.

"అది మీరు చూసుకోవాలి," అన్నారాయన.

ఆ రోజు హాల్లో తెర మీద మనిషి కణం ఒకటి గోడంత పెద్దదిగా కనబడింది. నలభై ఆరు క్రోమోజోముల్లో నలభై అయిదు బుద్ధిగా మధ్యలో వరుస కట్టాయి. ఒక్కటి మాత్రం ఎడమ కొన దగ్గరే వేలాడుతోంది. ప్రతి క్రోమోజోమూ ఒక కవల జంట. జంటలో ఒకదాన్ని ఎడమ దారాలు, రెండోదాన్ని కుడి దారాలు పట్టుకోవాలి. ఇక్కడ రెండింటినీ ఎడమ దారాలే పట్టేశాయి. రెండు వైపులా లాగితేనే బిగువు. బిగువు లేని పట్టు నిలవదు. ఊడింది. మళ్లీ తగులుకుంది. మళ్లీ ఎడమకే.

ఛైర్మనుగారు వాచీ చూసుకున్నారు. డైరెక్టరుగారు ఆదరాబాదరాగా పక్కనున్న మైక్రోస్కోపు గదిలోకి వచ్చారు.

"ఏమైందమ్మా?"

"ఒకటి సరిగ్గా తగులుకోలేదు సార్. అది కుదిరేదాకా కణం చీలదు."

"మిగతావన్నీ వచ్చాయిగా. ఒక్కదాని కోసం అందర్నీ కూర్చోబెడతారా?"

"కూర్చోబెట్టింది నేను కాదు సార్, కణం."

కణాన్ని అలా ఆగనివ్వకుండా చేసే మందు ఒకటి ఫ్రిజ్‌లో ఉంది. వెయ్యమన్నారాయన. ఆవిడ చేతులు కట్టుకుని పక్కకి జరిగింది. ఆయనే వేశారు. పదిహేనేళ్ల తర్వాత పిపెట్ పట్టుకున్నారేమో, సగం మందు చొక్కా చేతి మీద పడింది. మిగతా సగం చాలింది.

11.19కి కణం చీలింది. హాలంతా చప్పట్లు. దారాలక్క మాత్రం రెండు వైపులా లెక్కపెట్టుకుంది.

ఛైర్మనుగారు గదిలోకి వచ్చి ఆవిడనే అడిగారు. "రెండు వైపులా సమానంగా వచ్చాయామ్మా?"

"లేదండి. ఎడమ దానికి నలభై ఏడు, కుడి దానికి నలభై అయిదు."

"అయితే ఎడమది అదృష్టవంతురాలన్నమాట."

"కాదండి. రెండూ బాగుపడేవి కావు."

"స్వల్ప తేడా సార్," అంటూ డైరెక్టరుగారు ఆయన్ని ఫలహారాల వైపు నడిపించారు.

మర్నాడు ఆవిడకి మెమో వచ్చింది, కార్యక్రమ పత్రంలో లేని సంభాషణ చేసినందుకు. "అడిగారు, చెప్పాను" అని రాసిచ్చింది. వారం తిరక్కుండా ఆ కణం ఫొటో అద్దాల ఫ్రేములో ముందు హాలుకెక్కింది. కింద బంగారు అక్షరాలు: "సమ విభజన".

దారాలక్క రెండు చీటీలు రాసింది. ఎడమ సగం కింద 47, కుడి సగం కింద 45 అని అందరూ చూస్తుండగానే అంటించి వచ్చింది. సామాన్ల లెక్క చూసే గుమాస్తా ఆ రెండు నంబర్లూ తన రిజిస్టర్లో లేవని కంగారుపడి, ఫ్రేమును రెండు వస్తువులుగా నమోదు చేసుకున్నాడు.