గడ్డకట్టిన సీసా

ఈ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళం అమ్మ, కొత్త వదిన, నేను. అన్నయ్య కూడా ఉన్నాడు కానీ, పొద్దున్నుంచీ పేపరు వెనకే ఉన్నాడు కాబట్టి లెక్కలోకి రాడు.

వదిన వచ్చి నెల కావస్తోంది. అమ్మ తనను ఇంతవరకూ పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. "కొత్తపిల్ల, అలసిపోతుంది" అని పైకి అంటుంది గాని, తన వంటిల్లు ఇంకొకరికి అప్పగించడం ఆవిడకు ఇష్టం లేదు. వదిన అడగ్గా అడగ్గా, ఈ మధ్యాహ్నానికి ఒక్క సలాడ్ మాత్రం చెయ్యమంది.

అందుకని వదిన నిన్న సాయంత్రమే సలాడ్ మీద పోసే బాల్సమిక్ వినగ్రెట్ కలిపింది. తీపీ పులుపూ ఉన్న నల్లటి వెనిగర్, ఆలివ్ నూనె, కాస్త ఆవముద్ద, తేనె, చిదిమిన వెల్లుల్లి. మూత బిగించి సీసా ఊపే పని నాకిచ్చింది.

"పచ్చి వెల్లుల్లి పడింది కదా, బయట ఉంచకూడదు. నాలుగైదు రోజుల్లో వాడెయ్యాలి" అంటూ ఫ్రిజ్‌లో పెట్టింది.

పొద్దున వదిన స్నానానికి వెళ్ళినప్పుడు అమ్మ ఆ సీసా తీసింది. పైన నూనె తెల్లగా గడ్డలు కట్టి ఉంది.

"అయ్యో, పాడైపోయింది! పిల్ల చూస్తే చిన్నబోతుంది. పారబోసేసి, ఏదో ఒకటి నేనే చేసేస్తాలే" అంటూ సింకు వైపు నడిచింది.

ఇది పోతే వదినకు మళ్ళీ వంటింట్లో చోటు దొరకదు. గబుక్కున సీసా లాక్కుని స్వెట్టరు లోపల, చంకలో పెట్టేసుకున్నాను. ఒళ్ళు జిల్లుమంది.

"ఏమిటే అది? గుడ్డు పొదుగుతున్నావా?"

"పిల్ల బయటికొచ్చాక నన్ను పిలవండి" అన్నాడు అన్నయ్య పేపరు దించకుండానే.

"చలికాలం తలనూనె గడ్డకడితే పారబోస్తావా అమ్మా? ఇదీ అంతే" అన్నాను. అంత పెద్ద మాట నేనే అన్నానంటే నాకే నమ్మకం కలగలేదు.

వదిన తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది. నేను సీసా బయటికి తీశాను. గడ్డలు కరిగిపోయాయి. అమ్మ దాన్ని అందుకుని, తనే గట్టిగా ఊపి, అరచేతిలో ఒక చుక్క వేసుకుని నాకింది.

"బాగుందే! తేనె ఇంకొంచెం పడాలేమో."

"తేనె ఎక్కడుంటుందత్తయ్యా?"

"రా, చూపిస్తా. ఏ డబ్బా ఎక్కడుంటుందో నీకూ తెలియాలిగా."

"ఆకుల మీద ఇప్పుడే పొయ్యకండి అత్తయ్యా, వాడిపోతాయి. తినే ముందు కలుపుదాం."

"సరే, నీ ఇష్టం."

నేనూ వెనకే వెళ్ళబోయాను.

"నువ్వు పొదిగింది చాల్లే, పో!" అని నవ్వుతూ అమ్మ వంటింటి తలుపు నా మొహం మీదే వేసేసింది.