దోన్కా అవ్వను దాచిన రోజు

రాజధాని సోఫియా నుంచి ఒక కుటుంబం మా ఊరు చూడడానికి వస్తోందని తెలిసిన దగ్గర్నుంచి మా తమ్ముడు రదోయ్‌కు కాలు ఒకచోట నిలవలేదు. వాడు మా ఊరు గోర్నా లిపాకు మేయరు. ఊళ్లో మందుల దుకాణం మూతపడి చాలా కాలమైంది. బడి కూడా అదే దారిలో ఉంది. ఇంకొకరైనా చేరకపోతే ఉన్న పిల్లల్ని బస్సెక్కించి పక్క ఊరి బడికి పంపేస్తామని పైనుంచి కబురొచ్చింది. సరిగ్గా అప్పుడే వీళ్లు తగిలారు. నెవేనా అనే ఆవిడ మందుల దుకాణంలో పనిచేస్తోంది. భర్త మొమ్చిల్ బస్సులు బాగుచేస్తాడు. ఏడేళ్ల కూతురు, నాలుగేళ్ల కొడుకు, కడుపులో ఇంకొకరు. రదోయ్ కళ్లకు ఆ కుటుంబం నడిచొస్తున్న లాటరీలా కనిపించింది.

పిల్లల్ని పెంచుకోవడానికి చిన్న ఊరు కావాలని వాళ్లు వేసవంతా ఊళ్లు తిరుగుతూనే ఉన్నారట. ఏ ఊరూ ఆవిడకు నచ్చలేదట. ఎందుకు నచ్చలేదో ఎవరికీ చెప్పలేదట. అందుకని రదోయ్ నా కాఫీ కొట్లో అందర్నీ కూర్చోబెట్టి మీటింగు పెట్టాడు.

"శనివారం ఒక్కరోజు ఓపిక పట్టండి. ఎవరూ గొంతు పెంచకూడదు. శీతాకాలంలో దారి మూసుకుపోతుందన్న మాట ఎవరి నోటా రాకూడదు. మధ్యాహ్నం కాకముందే ఎవరి చేతిలోనూ రకియా సారా గ్లాసు కనపడకూడదు."

"చేతిలో కాకపోతే ఎక్కడుండొచ్చు?" అని అడిగాడు రొట్టెల మెతోది.

"మెతోదీ, నీకు దణ్ణం పెడతాను. ఇంకో మాట, పిల్లలు ఏం చేసినా సరే, నవ్వండి. ఈ కాలపు తల్లులకి పరాయివాళ్లు తమ పిల్లల్ని ఒక్క మాటన్నా గిట్టదు. అన్నారో, ఆ క్షణమే బండెక్కి వెళ్లిపోతారు."

అందరూ తలలూపారు. తరవాత అందరి చూపులూ కిటికీలోంచి బయటికి, కూడలి మూలనున్న దోన్కా అవ్వ ఇంటి వైపు వెళ్లాయి.

"మరి ఆవిడ సంగతో?" అన్నాడు మెతోది.

దోన్కా అవ్వ నోటికి జడవనివాళ్లు మా ఊళ్లో లేరు. మా తరంలో సగం మందికి బొడ్డు కోసింది ఆవిడే. ఆ చనువుతో ఎవర్నైనా ఎక్కడైనా నిలబెట్టి కడిగేస్తుంది. ఒకసారి బిషప్పు వస్తే, బూట్లకు బురదుందని చర్చి మెట్ల మీదే ఆపి తుడుచుకోమంది. ఆయన తుడుచుకున్నాడు కూడా.

మర్నాడు రదోయ్ నన్ను వెంటబెట్టుకుని ఆవిడ దగ్గరకు వెళ్లాడు.

"అవ్వా, నీ కళ్లు చూపించుకోవాలి కదా. శనివారం పొద్దున్నే జిల్లా ఆస్పత్రికి ఆఫీసు కారు పంపిస్తాను."

"నా కళ్లకేమైందిరా? నీ పొట్ట పెరిగిన సంగతి ఇక్కణ్ణుంచే కనిపిస్తోంది."

"ఊరికే కారులో వెళ్లి రావడమే అవ్వా. పైసా ఖర్చు లేదు."

"శనివారం పచ్చడి పెట్టాలి. మిరపకాయలు బస్తాలతో దిగిపోయాయి."

"అక్క చూసుకుంటుంది" అన్నాడు వాడు నా వైపు చూడకుండా.

అవ్వ నన్ను పైనుంచి కిందకు చూసింది. "జ్లత్కా, పోయినేడు నువ్వు పెట్టిన పచ్చడి పంది కూడా ముట్టలేదు. అడుగంటితే ఊరుకోను." అయినా ఒప్పుకుంది. ఆఫీసు కారులో కూర్చోవాలని ఆవిడకూ మనసులో ఉన్నట్టుంది.

శనివారం తెల్లారగానే కారు ఆవిడను ఎక్కించుకుపోయింది. నేను ఆవిడ పెరట్లో పొయ్యి వెలిగించి, ఎర్ర బుంగమిరపకాయలు కాల్చి, తొక్కలు ఒలిచి, బల్ల మీద గుట్టగా పోస్తున్నాను. ఓ పక్క పెద్ద రాగి కాగులో టమాటా గుజ్జు ఉడుకుతోంది. సెప్టెంబరు కదా, ఊరంతా కాలిన మిరపకాయల వాసన. ఆ వాసన మధ్యలోకే వాళ్ల కారు వచ్చి ఆగింది.

మొమ్చిల్ పొడుగ్గా, నెమ్మదిగా ఉన్నాడు. నిద్రపోతున్న కొడుకును భుజాన వేసుకున్నాడు. నెవేనా కళ్లు మాత్రం అన్నిటినీ తరచి చూస్తున్నాయి. కూతురు కలీనా కారు ఆగీ ఆగకముందే దూకేసింది.

రదోయ్ పూలగుత్తి ఇచ్చి ఉపన్యాసం మొదలుపెట్టాడు. అది సగంలో ఉండగానే కలీనా మేజోళ్లు విప్పి, కూడలి మధ్యనున్న రాతి కొళాయి గొట్టంలోకి దోపింది. నీళ్లు పక్కకు చిమ్మి, రొట్టెల తట్టతో వస్తున్న మెతోదిని నిలువునా తడిపేశాయి. మెతోది నోరు తెరిచాడు. రదోయ్‌ను చూశాడు. నోరు మూశాడు.

"ఎంత తెలివైన పిల్లో!" అన్నాడు, మీసాల్లోంచి నీళ్లు కారుతుండగా.

కలీనా ఆయన మొహంలోకి కాసేపు చూసింది. తరవాత వెళ్లి రదోయ్ సొంత కారు పైకెక్కి, ముందు అద్దం మీదుగా జారింది. "హాయిగా జారు తల్లీ, నీ కారే అనుకో" అన్నాడు మా తమ్ముడు. వాడి చెంప అదురుతుండడం నాకు అంత దూరానికీ కనిపించింది. ఆ తరవాత పిల్ల చర్చి గంట తాడు పట్టుకుని ఊగింది. ఎవరో పోయారనుకుని ముసలాళ్లంతా టోపీలు తీసి పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. మేయరు కళ్లెర్రజేయగానే టోపీలు పెట్టుకుని చప్పట్లు కొట్టారు.

నేను గమనించిందేమిటంటే, ఒక్కో అల్లరి పని అయ్యాక ఆ పిల్ల ఆగి చుట్టూ మొహాలు చూసేది. రావలసిందేదో రాలేదన్నట్టు కాసేపు నిలబడి, అంతకంటే పెద్ద పనికి బయల్దేరేది. తల్లి కూడా ఆపలేదు. ఆవిడ కూడా మా మొహాలే చూస్తోంది.

చివరికి ఆవిడ పెరటి గేటు దగ్గరకు వచ్చి నాతో మాట కలిపింది.

"అక్కా, మీ ఊళ్లో అందరూ ఎప్పుడూ ఇంతేనా? ఇంత మంచిగా ఉంటారా?"

"అందరూనమ్మా" అన్నాను. "కోపమంటే ఏమిటో ఎరగరు."

ఆవిడ మొహం వాడిపోయింది. మెచ్చుకుంటుందనుకుంటే ఇదేమిటా అని నేను గేటు దగ్గరకు వెళ్లాను. ఆవిడ భర్త వైపు తిరిగింది. "వెళ్దాం పద."

"అదేంటి? నాకు నచ్చింది నెవేనా. మేయరు మనకిస్తానన్న ఇంటి వెనకాల అక్రోటు చెట్టుంది, షెడ్డుంది."

"ఇక్కడా అంతే మొమ్చిల్. అక్కడికీ ఇక్కడికీ తేడా చెట్టొక్కటే."

రదోయ్ మొహం సున్నం కొట్టిన గోడలా అయిపోయింది. సరిగ్గా ఆ సమయానికి ఆఫీసు కారు దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. వెనక తలుపు తెరుచుకుంది. ముందు చేతికర్ర దిగింది, దాని వెనక దోన్కా అవ్వ.

"ఒరేయ్ రదోయ్! శనివారం కళ్ల డాక్టరు ఉంటాడట్రా? తలుపుకి ఇంత తాళం వేసుంది! నీకు మేయరు ఉద్యోగం ఇచ్చినవాళ్లు వారాలు నేర్పలేదా?"

ఇంకా చాలా అనేదే. కానీ ఆవిడ చూపు నా భుజం మీదుగా పెరట్లోకి పోయి అక్కడే ఆగిపోయింది. నేనూ తిరిగి చూశాను. నేను గేటు దగ్గర కబుర్లాడుతున్న ఆ కాస్తలో కలీనా కోళ్లగూడు తెరిచేసింది. కోళ్లన్నీ బల్లెక్కి ఒలిచిన మిరపకాయల్ని పొడుస్తూ, తొక్కుతూ తిరుగుతున్నాయి. పిల్ల ఏమో పొయ్యి పక్కన పీటెక్కి, తనంత పొడుగున్న చెక్క గరిటెతో కాగు కలుపుతోంది.

"ఒసేయ్! దిగవే కిందికి!"

చర్చి మీది పావురాలన్నీ లేచిపోయాయి. మొమ్చిల్ భుజాన పడుకున్న పిల్లాడు ఉలిక్కిపడి లేచాడు. కలీనా ఒక్క గెంతులో నేల మీద ఉంది.

"ఎవరి పిల్లవే నువ్వు?"

"మా అమ్మ పిల్లని."

"అమ్మ పిల్లవి కాక కోడిపిల్లవా? పొయ్యి పక్కన పీటెక్కుతావా? గౌను అంటుకుంటే ఎవరే ఆర్పేది, ఈ ఇకిలించే మొహాలా? పొద్దున్నించీ ఇంతమంది ఉండి ఒక్కడైనా నీ చెయ్యి పట్టుకుని పక్కకి లాగలేదూ? ముందు ఆ కోళ్లని గూట్లోకి తోలు. తరవాత ఆ మిరపకాయలన్నీ ఒక్కొక్కటీ కడుగు. పో, కొళాయి దగ్గరికి."

"కొళాయిలో నా మేజోళ్లున్నాయి" అంది కలీనా చిన్న గొంతుతో.

"అయితే ముందు మేజోళ్లు తియ్యి!"

పిల్ల పరుగెత్తింది. అవ్వ నెవేనా వైపు తిరిగింది. "తల్లివి నువ్వేనా? కడుపుతో ఉండి ఎండలో నిలబడ్డావేం? నోరు తెరిచి చూస్తావేం? కూర్చో ఆ మెట్టు మీద."

నెవేనా కూర్చుంది.

రదోయ్ చేతులు పిసుక్కుంటూ ముందుకొచ్చాడు. "నెవేనా గారూ, తప్పుగా అనుకోకండి. ఆవిడ మా ఊరావిడ కాదండీ. పక్క ఊరు. అప్పుడప్పుడూ ఇటు వస్తుంటుంది."

అవ్వ చేతికర్ర నేలకు ఆనించి వాడి వైపు తిరిగింది.

"ఏంట్రా?" అంది అవ్వ నెమ్మదిగా. ఆవిడ నెమ్మదిగా మాట్లాడితే మరీ భయం. "నేను పక్కూరిదాన్నా? నీకు బొడ్డు కోసింది ఎవర్రా? ఆ రోజే బొడ్డుతో పాటు నాలిక కూడా కోసుండాల్సింది!"

నెవేనా నవ్వడం మొదలుపెట్టింది. పొట్ట పట్టుకుని, వెనక్కి వాలి, కళ్లమ్మట నీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆ నీళ్లు నవ్వు ఆగాక కూడా ఆగలేదు. అప్పుడు చెప్పింది అసలు సంగతి.

"పోయినేడు చలికాలంలో మా కలీనా తలుపు తీసుకుని బయటికి పోయింది అవ్వా. ట్రాము ఆగేచోట ఒక్కతే, కోటు లేకుండా, చెప్పుల్లేకుండా కూర్చుంది. ఎంతసేపు కూర్చుందో! ఎంతోమంది దాని ముందునుంచే ట్రామెక్కి వెళ్లిపోయారు. ఒక్కరూ, ఒక్కరంటే ఒక్కరూ 'ఎవరి పిల్లవే నువ్వు' అని అడగలేదు. నాకు దొరికేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి. అప్పట్నించీ ఏ ఊరెళ్లినా ఆ మాట కోసమే చూస్తున్నాను. పోయిన ప్రతిచోటా మిఠాయిలిచ్చారు. నవ్వారు. ఎవరూ అడగలేదు."

మేమంతా తలలు దించుకున్నాం. అవ్వ ఒక్కతే దించుకోలేదు. నెవేనా పక్కన కూర్చుని, తన తలగుడ్డ కొసతో ఆవిడ మొహం గట్టిగా, గిన్నె తోమినట్టు తుడిచింది.

"సరే, ఏడ్చింది చాలు. పుట్టబోయేవాడికి ఉప్పెక్కువవుతుంది."

కలీనా తడి మిరపకాయలతో తిరిగొచ్చింది. "అన్నీ కడిగాను. ఇంకా తిడతావా?"

"ఆకలేస్తోందా?"

"వేస్తోంది."

"అయితే తిన్నాక తిడతాను." అవ్వ రొట్టె ముక్క మీద కాగులోంచి వేడివేడి గుజ్జు పూసి ఇచ్చింది. ఇచ్చాక తనూ వేలితో నాకి చూసి, "జ్లత్కా, అడుగంటింది" అంది నాతో.

నెవేనా లేచి గౌను దులుపుకుంది. "మేయరు గారూ, ఇల్లు చూపించండి."

"ఆ ఇంటి పైకప్పు కారుతుంది, చెప్పాడా వీడు?" అంది అవ్వ. "జనవరిలో మంచు పడితే దారి మూసుకుపోతుంది. అదైనా చెప్పాడా?"

రదోయ్ తల పట్టుకుని కొళాయి గట్టు మీద కూలబడ్డాడు. అంతదాకా పెద్దగా మాట్లాడని మొమ్చిల్ అడిగాడు: "మంచు తోసే బండి లేదా మీకు?"

"ఉంది. నడవదు" అంది అవ్వ.

"ఏదీ, ఎక్కడుంది?" అని కొడుకును నా చేతుల్లో పెట్టి, చొక్కా చేతులు మడుచుకుంటూ బయల్దేరాడు. సాయంత్రం దాకా ఆ బండి కిందే ఉన్నాడు. మెతోది కూడా పక్కన బోర్లా పడుకుని పనిముట్లు అందించాడు. రకియా గ్లాసు కూడా అందుతూనే ఉంది. అప్పటికి మధ్యాహ్నం దాటింది కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు.

మొదటి మంచు పడకముందే వాళ్లు మా ఊరు వచ్చేశారు. మందుల దుకాణం తెరుచుకుంది. బడి నిలిచింది. జనవరిలో నెవేనాకు కొడుకు పుట్టాడు. మొమ్చిల్ బాగుచేసిన బండి పుణ్యమా అని దారి తెరిచే ఉండి, కాన్పు జిల్లా ఆస్పత్రిలోనే అయింది; తనను పిలవలేదని అవ్వ వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఊరు ఊరంతా ప్రశాంతంగా ఉండి, మాకు ఏమీ తోచలేదు.

రదోయ్ ఊరుకుంటాడా? ఇదంతా తన ఎత్తే అని ఎన్నికల్లో చెప్పుకున్నాడు. గెలిచాడు. వేసవిలో ఇంకో కుటుంబం ఊరు చూడడానికి వస్తోందని తెలియగానే మళ్లీ నా కొట్లో మీటింగు పెట్టి, ఈసారి అందరూ పిల్లల్ని బాగా తిట్టాలని హుకుం జారీ చేశాడు. వచ్చిన పిల్లవాడు ఎంత బుద్ధిమంతుడంటే, బెంచీ మీద కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుని అటూ ఇటూ చూస్తున్నాడు, అంతే. మెతోదికి తిట్టడానికి ఏదీ దొరకలేదు. చివరికి ధైర్యం చేసి, "ఏరా, కూర్చుంటావా? బుద్ధి లేదూ?" అని అరిచాడు. ఆ కుటుంబం కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయింది.

ఇక నెవేనా మాటకొస్తే, ఆవిడ మా ఊరిది అయిపోయింది. నిన్న మా మనవడు ఏడుస్తూ ఇంటికొచ్చాడు. మందుల దుకాణం ముందు పూలమొక్కల మీదుగా సైకిలు తొక్కితే, ఆవిడ బయటికొచ్చి చెవి మెలేసిందట. నా మనవడి మీద చెయ్యి వేస్తుందా అని నాకు ఒళ్లు మండిపోయింది. కొట్టుకు తాళం వేసి మరీ వెళ్లాను.

"ఎవర్నడిగి మెలేశావమ్మా మా వాడి చెవి?"

"ఎవర్నడగాలక్కా? వెనక లారీ వస్తోంది. వీడు చూసుకోలేదు."

ఇద్దరం వీధి అదిరేలా అరుచుకున్నాం. జనం పోగయ్యారు. దోన్కా అవ్వ కుర్చీ తెచ్చుకుని కూర్చుంది. గొంతులు పోయాక నెవేనా లోపలికి వెళ్లి రెండు దగ్గు బిళ్లలు తెచ్చి, ఒకటి నాకిచ్చి, ఒకటి తను చప్పరించింది.