వాడినవారి పొరపాటు

నూట పన్నెండు, ఎంత బుద్ధిమంతమైన అంకె, ఎవరైనా నమ్ముతారు, లింగయ్యా నమ్మాడు, నోరెండిపోతోందని నాలుగు రోజులు చెంబులకు చెంబులు నీళ్లు తాగాడట, అయినా మేం తయారుచేసిన షుగర్ మిషన్ నూట పన్నెండు, నూట ఎనిమిది అనే చూపించిందట, దవాఖానలో చూస్తే ఐదు వందల అరవై, నిన్నటి నుంచి స్పృహ లేదు, అని అతని భార్య లచ్చమ్మ నా సీటు పక్కన నిలబడి చెబుతోంది, మా అంతస్తు ఊడ్చే లచ్చమ్మ, మొగుణ్ణి అక్కడ వదిలేసి సెలవు అడగడానికి పుప్పాలగూడ నుంచి హైటెక్ సిటీ దాకా వచ్చింది, ఫోన్లో చెబితే సూపర్‌వైజర్ ఒప్పుకోడట, వాడి మొహం మండ, మన కంపెనీదే గద మేడం అని గదే కొన్న, అంటోంది, నాకు ఒళ్లు మండిపోతోంది.

సర్కారోళ్లు చూడరా మేడం గిసొంటివి, అంది, చూడాలి, చూడకేం, తనిఖీకి వస్తున్నామని వారం ముందే కబురు పెడతారు, మేం ఫైళ్లకు కొత్త అట్టలు వేస్తాం, వాళ్లు జీడిపప్పు నములుతూ కాగితాలు తిరగేసి, మిషన్ లోపమని ఒక్క ఫిర్యాదూ లేదే, భేష్, అని సంతకం పెట్టి పోతారు, జీతాలు దండగ, సిగ్గులేని మనుషులు, ఇంతలో మా మేనేజర్ రంగనాథ్ అటుగా వెళుతూ, వాసంతి గారూ, శుక్రవారానికి ఫిర్యాదులన్నీ క్లోజ్ అయిపోవాలండి, అన్నాడు, ఎప్పటిలాగే నవ్వుతూ, ఆ నవ్వు మీద కాఫీ పోయాలనిపించింది.

మా ప్రవళిక సోమవారమే ఫోన్ చేసింది మేడం, డబ్బ మీది నంబర్‌కు, బిడ్డ పరేషానై చేసింది, రాసుకున్నమన్నరు, గిదో, అని లచ్చమ్మ చీటీ చాపింది, ఆ ఫిర్యాదు నంబరు కొట్టాను, తెరిచేసరికి పరిష్కారమైంది అని పచ్చగా, కారణం వాడినవారి పొరపాటు, చేతులు కడుక్కోకుండా రక్తం తీశారు, కింద మూసినవారి పేరు, వాసంతి, నేనే, జాబితాలో పైనున్న కారణం అదే కాబట్టి అదే నొక్కేదాన్ని, మిషన్ లోపమని నొక్కితే పదిహేను రోజుల్లో ప్రభుత్వానికి రాసి పంపాలి, వాడినవారి పొరపాటైతే ఎవరికీ ఏమీ రాయక్కర్లేదు, ఏమున్నది మేడం, అని లచ్చమ్మ తెరలోకి వంగి చూస్తోంది, ఇంగ్లీషు రాదు, ఫినాయిల్ నీళ్లకు పొరలు లేచిన వేళ్లు నా బల్ల అంచు మీద, ఈమె ఇంట్లో చేతులు కడుక్కోలేదని రాశాను.

ఆ జీడిపప్పు తిన్నవాళ్లను తిట్టుకుంటున్నాను గానీ నేను పంపితే కదా వాళ్లు చూసేది, ఈ నెల పందొమ్మిది ఫిర్యాదులు, అన్నీ అంకె తక్కువ చూపిస్తోందనే, చేతికి తీపి అంటుకుంటే అంకె పెరుగుతుంది, తగ్గనే తగ్గదు, శిక్షణలో మొదటి రోజే చెప్పారు, మరిచిపోయానని చెప్పుకోవడానికి కూడా లేదు, పందొమ్మిదిసార్లూ నాకు తెలుసు.