వెనక ఎడమ స్ప్రింగు

ఆదివారం పొద్దున కారు తుడవడం నా పని. ఇల్లు ఊడ్చేదీ నేనే కాబట్టి, చీపురు వదిలి తడిగుడ్డ పట్టుకుంటే పని మారినట్టు ఎవరికీ అనిపించదు. ఆ ఆదివారం వెనక సీటు తుడుస్తూ ఎడమ పక్కకు వచ్చేసరికి ఆగిపోయాను. అక్కడ సీటులో ఒక గుంట ఉంది. మా అత్త ఉమామహేశ్వరమ్మ కారు కొన్నప్పటి నుంచి కూర్చున్న చోటు అది. ఆమె పోయి ఏడాది కావస్తోంది. గుంటను చేత్తో తట్టి పైకి లాగాను. సాఫీ అయింది. బకెట్లో నీళ్ళు మార్చుకుని వచ్చేసరికి మళ్ళీ గుంట.

స్పాంజి పాతబడింది, అంతే అనుకున్నాను. మరి ఈ పసుపు వాసన? అత్త రోజూ మొహానికి పసుపు రాసుకునేది. మూసి ఉన్న కారు ఎండకు కాగితే ఇప్పుడు అదే వాసన గుప్పుమంటోంది. నెల కిందటి వరకు లేదు. వాకిట్లో దూరంగా నిలబడి చూస్తే కారు వెనక ఎడమ పక్కకు ఒరిగి ఉంది. ఆమె ఇంకా దిగనట్టు.

"ఆ పక్క బాగా తుడువు," అన్నాడు మా ఆయన శివప్రసాద్, అరుగు మీద నుంచి. తర్వాత లేచి వచ్చి డిక్కీ మీద అరచెయ్యి ఆనించి, ఆ చెయ్యి కళ్ళకు అద్దుకున్నాడు. ఈ మధ్య రోజూ ఇదే. నేను నంద్యాల నుంచి ఆళ్లగడ్డ బడికి బయల్దేరే ముందు తప్పకుండా చేస్తాడు. హైవే మీద ఒంటరిగా పోయే పెళ్ళాం క్షేమంగా తిరిగి రావాలని దండం పెట్టుకుంటున్నాడనుకున్నాను. నిజం చెప్పాలంటే, కొంచెం మెత్తబడ్డాను కూడా.

కారు నా జీతంతో కొన్నదే. స్ప్రింగులు మాత్రం మా అత్తవి. కొత్త బండి ఇంటికి వచ్చిన వారానికే ఆయన దాన్ని నంద్యాలలో ఒక షెడ్డుకు తీసుకుపోయి, అమ్మకు నడుం నొప్పి అని చెప్పి, మెత్తటి స్ప్రింగులు వేయించుకొచ్చాడు. నడిపేదాన్ని నన్ను అడగలేదు. కర్నూలు ఆసుపత్రికి, బనగానపల్లె పెళ్ళిళ్ళకు, సోమవారాలు మహానందికి నేనే డ్రైవర్ని. "జీతం లేని డ్రైవరు యాడ దొరుకుతాడప్పా ఈ కాలంలో," అని ఆయన చుట్టాల ముందు నవ్వేవాడు. ముందు సీట్లో మా మామ మాధవయ్య కూర్చుని, ఖాళీ నేలను కాలితో తొక్కుతూ "క్లచ్చు, క్లచ్చు" అని నాకు నేర్పేవాడు. ముందు సీటు మగవాళ్ళది. వెనక ఎడమ పక్క అత్తది. ప్రతి స్పీడు బ్రేకరుకూ వెనక నుంచి ఒకే మాట: "మెల్లిగా పో మే, నా నడుము." బడిలోనూ అంతే. ఆళ్లగడ్డ బాలికల హైస్కూల్లో నేను లెక్కల టీచర్ని. ఎవరైనా అధికారి వస్తే ఆయన ముందు లెక్కల గురించి మగ మాస్టార్లు మాట్లాడతారు, టీ సంగతి "సుప్రజ మేడమ్ చూసుకుంటారు."

ఒక్కసారి తప్ప అత్త ఎప్పుడూ ముందు సీట్లో కూర్చోలేదు. ఆ ఒక్కసారి సంగతి ఇంట్లో ఇంకెవరికీ తెలియదు.

నెల నుంచి ఇంకొకటి మొదలైంది. గుంత వచ్చినప్పుడల్లా వెనక ఎడమ పక్క నుంచి ఒక చప్పుడు. టక్. మెట్టె వేలు నేలకు తగిలినట్టు. రెండు మూడుసార్లు రోడ్డు పక్కన ఆపి సీటు కింద వెతికాను. ఏమీ లేదు. డిక్కీ తెరవబోతే గుత్తిలో దాని తాళం లేదు. "లాకు పాడైంది, లాగొద్దు, నేను చేయిస్తాలే," అన్నాడు ఆయన. డిక్కీ తాళం అప్పటికే గుత్తిలోంచి తీసి అలమరలో పెట్టేశాడు.

బుధవారం శిరివెళ్ల దాటాక నా ముందు నాపరాళ్ళ లారీ ఉన్నట్టుండి ఆగింది. స్టీరింగు కుడికి తిప్పాను. కారు తిరగలేదు, ముందు ఒరిగింది. తర్వాత వెనక భాగం ఎడమకు ఈడ్చుకుపోయింది, ఎవరో తమ బరువంతా అటే వేసినట్టు. లారీ మూల అద్దానికి జానెడు దూరంలో తప్పింది. డివైడరుకు ఆనుకుని బండి ఆగింది. దుమ్ము. ఆ దుమ్ములో, వెనక నుంచి, స్పష్టంగా, "మెల్లిగా పో మే."

"సరే అత్తా," అన్నాను.

లారీ కంటే ఎక్కువ, నేను జవాబు చెప్పినందుకు భయపడ్డాను.

ఆ రాత్రి అన్నాలు తింటూ ఆయన తేల్చేశాడు. "ఇంక ఆ బండి వద్దు. పాత బండ్లు కొనే ఓబులేసుకు చెప్పినా, సోమవారం వచ్చి పట్టుకపోతాడు. ట్రాన్స్‌ఫర్ పెట్టుకో. రాకపోతే మానెయ్. నీ జీతంతోనే పొయ్యి మండుతాందా?"

"బస్సులో పోతా," అన్నాను.

"బస్సంటే ఆరింటికే పోవల్ల," అన్నాడు మామ, పెరుగు కలుపుకుంటూ. "మరి వంటెవరు చేస్తారు?"

అంతే, లెక్క తేలిపోయింది. కారు లేకపోతే ఉద్యోగం లేదు. కారు ఒరగకుండా నిలబడితే తప్ప కారు లేదు. నెలగా ఇడ్లీ ఉడికేలోపు ఫోనులో శబ్దం తగ్గించి నేను చూస్తున్నవి వంటల వీడియోలని వాళ్ళు అనుకున్నారు. చిన్న కారు మలుపులో ఎందుకు ఒరుగుతుంది, షాక్ అబ్జార్బర్లు చేసే పని ఏమిటి, స్ప్రింగులు చేసే పని ఏమిటి, అవి చూస్తున్నాను. శనివారం ఒంటిపూట బడి అయిపోగానే నేరుగా ఆళ్లగడ్డ బస్టాండు వెనక యాకోబు షెడ్డుకు పోయాను. అలమరలోని డిక్కీ తాళం పొద్దున్నే నా సంచిలో వేసుకున్నాను. ఎందుకు వేసుకున్నానో నాకే తెలియదు.

ఆ వీధి అంతా రాతి శిల్పుల షెడ్లు. చివరిది యాకోబుది. ఉలి దెబ్బల మధ్య అతను కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఎడమ స్ప్రింగు కూసున్నాదక్కా. అదొక్కటి మారుస్తా. లేదంటే స్ప్రింగు మధ్యలో రబ్బరు బిళ్ళలు దోపుతా, చవగ్గా లేస్తాది."

"రబ్బరు పెడితే బండి లేస్తాది గానీ ఊగేది ఆగదు గదన్నా. మార్చితే రెండు పక్కలా మార్చల్ల. ఒక్కటే మారిస్తే ఒక పక్క ఒక రకం, ఇంకో పక్క ఇంకో రకం దూకుతాది."

యాకోబు నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "యూట్యూబా?"

"యూట్యూబే."

"నా అన్నం మీద మన్ను పోస్తాండాదక్కా ఆ యూట్యూబు." నవ్వి, చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "సరే, ఒకటి చెప్పు. వెనక కూసునేటోళ్ళకు సుకంగా ఉండాల్నా, నడిపేటోళ్ళ మాట వినాల్నా? మెత్తటివి ఏస్తే వెనకోళ్ళు నిద్దరపోతారు, బండి మాత్రం నీ మాటినదు. గట్టివి ఏస్తే మలుపులో గీత గీసినట్టు పోతాది, కానీ వెనకోళ్ళు ప్రతి గుంతకూ తిట్టుకుంటారు. రెండూ వద్దంటే మధ్యరకం ఉండాది."

మధ్యరకం. నా నాలుక చివరి దాకా ఆ మాటే వచ్చింది. పెళ్ళయినప్పటి నుంచి నేను ఎంచుకున్నవన్నీ అదే. కూరలో కారం మామకు కావలసినంత, ఫ్యాను ఆయనకు కావలసినంత, టీవీ శబ్దం అత్తకు వినిపించినంత. నాకు కారం ఎంత ఇష్టమో ఇప్పుడు ఎవరైనా అడిగితే వండి చూసుకుంటే తప్ప చెప్పలేను. ఈ బండిలో వెనక ఎవరూ లేరు. ఏడాదిగా లేరు. అయినా లేని మనిషి నడుము కోసం నేను ప్రతి గుంత దగ్గరా బ్రేకు తొక్కుతున్నాను, ఆ మెత్తదనమే బుధవారం నన్ను లారీ కిందికి తోయబోయింది.

"నడిపేటోళ్ళ మాట వినాల," అన్నాను. "నాలుగు స్ప్రింగులూ గట్టివి. షాక్‌లు గ్యాసువి. బుష్‌లు కూడా చూడు. చివరికి అలైన్‌మెంటు."

పని జరుగుతుండగా పక్క షెడ్డు ముందు స్టూలు మీద కూర్చున్నాను. సగం చెక్కిన ఆడబొమ్మలు, మొహాలు లేనివి, వరసగా నా వైపే తిరిగి ఉన్నాయి. పొద్దు వాలుతుండగా మా ఆయన ఫోను చేశాడు.

"యాడుండావ్?"

"షెడ్డు కాడ. స్ప్రింగులు మారుస్తాండా."

"డిక్కీ తెరిచినారా?"

"లేదు. ఎందుకు?"

"వద్దు. ఎవర్నీ ముట్టుకోనియ్యొద్దు. నేను బస్సెక్కుతాండా. వచ్చేదాకా ఆడ్నించి కదలొద్దు."

బుధవారం లారీ కింద పడబోయానని ఫోను చేసినప్పుడు ఆయన అంగడి వదిలి రాలేదు. ఎరువుల లోడు దిగుతోందన్నాడు. ఇప్పుడు డిక్కీ కోసం బస్సెక్కుతున్నాడు.

యాకోబు జాకీ దించి, బండిని చదును బండల మీదికి తోశాడు. టైరుకూ పైరేకుకూ మధ్య వేళ్ళు పెట్టి చూశాడు. కుడి వైపు మూడు వేళ్ళు పట్టాయి. ఎడమ వైపు రెండే. బండిని వెనక్కి తోసి మళ్ళీ చూశాడు. రెండే.

"కొత్త స్ప్రింగులు. ఖాళీ బండి," అన్నాడు నెమ్మదిగా. "ఎవరో కూసున్నట్టే…" ఆ మాట మధ్యలోనే మింగేశాడు.

నేను సంచిలోంచి తాళం తీశాను. డిక్కీ ఒక్క తిప్పుకే తెరుచుకుంది. లాకు పాడు కాలేదు. పసుపు వాసన మొహానికి కొట్టింది. అడుగు పట్టా లేపాను. స్టెప్నీ టైరు ఉండాల్సిన గుంటలో స్టెప్నీ లేదు. ఎర్రగుడ్డలో చుట్టినదేదో ఎడమ పక్కకు ఒదిగి పడుకుని ఉంది, చుట్టూ ఎరువుల గోతాలు కుక్కి ఉన్నాయి. గుడ్డ ఒక అంచు లాగాను. రాతి పాదం. వేలికి చెక్కిన మెట్టె. ఆ వేలు ఇనుపరేకుకు తగిలే చోట రంగు లేచిపోయి ఉంది. ఇంకొంచెం లాగాను. కుచ్చిళ్ళు. ఒళ్ళో చేతులు. తర్వాత మొహం.

మా అత్త కళ్ళు తెరిచి నన్ను చూస్తోంది.

"ఈ మొగం పక్క షెడ్డులో చెక్కుతాంటే చూసినా," అన్నాడు యాకోబు గుసగుసగా.

ఈసారి నేనే ఫోను చేశాను. బస్సు హోరులో ఆయన గొంతు చిన్నదైపోయింది. మొగుడు బతికుండగా పోయిన ఆడవాళ్ళను వాళ్ళ ఇంట్లో పేరంటాలని చెప్పి చేలో రాయి నిలుపుతారు. అత్తకు కూడా నిలపాలట. చేని గట్టు దగ్గర చిన్నాయనతో తగాదా వచ్చింది, మంచిరోజు దాటిపోయింది, ఆషాఢం వచ్చిపడింది.

"అంతదాకా ఇంట్లో పెట్టకూడదు, నేల మీద పెట్టకూడదు. నీ బండి ఎట్లయినా తిరుగుతానే ఉంటాది గదా అని పెట్నా. చెప్తే భయపడ్తావని చెప్పలే. రేపు తీసేద్దామనుకున్నా. అయినా అమ్మ నీకు తోడుగా ఉంటాది గదా."

"స్టెప్నీ యాడ?"

"ఏందీ?"

"స్టెప్నీ యాడ పెట్టినారు?"

"అంగట్లో ఉండాది. నువ్వేమన్నా టైరు మారుస్తావా ఏంది?"

ఫోను పెట్టేశాను. హైవే మీద ఎక్కడైనా టైరు పేలితే నాకు తోడుగా రాయిని పెట్టారు. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. చీకట్లో, గోతాల మధ్య, వెల్లకిలా పడుకున్న ఆ మొహం చూస్తుంటే ఆ ఒక్కసారి గుర్తుకొచ్చింది. ఆళ్లగడ్డలో అత్త వాళ్ళ చెల్లెల్ని చూసి ఇద్దరమే తిరిగి వస్తున్నాం. శిరివెళ్ల దాటాక ఆమె బండి ఆపమంది. వాంతి వస్తోందేమో అనుకున్నాను. ఆమె దిగి, అటూ ఇటూ చూసి, ముందు తలుపు తెరుచుకుని నా పక్కన కూర్చుంది. చెప్పులు విప్పేసింది. తర్వాత, "ఈడ కూసుంటే రోడ్డు మనకాడికే వస్తాండాదే," అంది. ఇంకాసేపటికి, "ఇంకొంచెం బేగా పో." నడుము మాటే ఎత్తలేదు. నంద్యాల ఇంకా రాకముందే మళ్ళీ ఆపించి, చెప్పులు తొడుక్కుని, వెనక ఎడమ పక్కకు పోయి కూర్చుంది. "మీ మామకు చెప్పొద్దు," అంది.

"పట్టన్నా," అన్నాను యాకోబుతో. "ముందు సీట్లో పెడదాం."

ఇద్దరం ఎత్తి ముందు సీట్లో కూర్చోబెట్టాం. తాళం తిప్పగానే కారు టింగ్ టింగ్ అని అరవడం మొదలుపెట్టింది, పక్కన కూర్చున్నవాళ్ళు బెల్టు పెట్టుకోలేదని. కారుకు ఆమె మనిషే. బెల్టు పెట్టాను. కారు ఊరుకుంది. యాకోబు వెనక టైర్ల దగ్గర వేళ్ళు పెట్టి చూసి, లేచి తల ఊపాడు. రెండు పక్కలా మూడు వేళ్ళు.

బస్టాండు ముందు ఆయన నిలబడి ఉన్నాడు, చొక్కా చెమటకు అంటుకుపోయి. బండి ఆపగానే అలవాటుగా ముందు తలుపు తెరిచాడు. సీట్లో అత్త.

"అమ్మను తియ్యి," అన్నాడు, గొంతు తగ్గించి. సోడా బండి దగ్గర జనం చూస్తున్నారు.

"నేల మీద పెట్టకూడదంటిరి గదా. ఒళ్ళో పెట్టుకుంటారా?"

రాయిని చూశాడు, జనాన్ని చూశాడు. చెయ్యి నా వైపు చాచాడు. "నువ్వు దిగు. నేను నడుపుతా."

"వెనక కూసోండి," అన్నాను. "ముందు సీటు ఖాళీ లేదు."

వెనక తలుపు తెరుచుకుంది. ఎడమ పక్క గుంటలో ఆయన దిగబడడం అద్దంలో కనిపించింది. నేను బండిని చాగలమర్రి వైపు తిప్పాను.

"నంద్యాల అటు గదా."

"కొత్త స్ప్రింగులు చూడల్ల."

"సోమవారం ఓబులేసు…"

"రావద్దని చెప్పండి. నా బండి నేను అమ్మను."

ఆయన ఏదో అనబోయాడు. స్పీడు బ్రేకరు వచ్చింది. నేను బ్రేకు తొక్కలేదు. "అబ్బా! మెల్లిగా పో, నా నడుము!" అన్నాడు. అచ్చం ఆ మాటే, అచ్చం ఆ చోటు నుంచే. హైవే ఎక్కే మలుపు దగ్గర స్టీరింగు తిప్పాను. బండి ఒరగలేదు. నేను ఎటు తిప్పితే అటు, ఎంత తిప్పితే అంత. టక్ లేదు. ఎదురుగా నున్నటి రోడ్డు మా దగ్గరికే వస్తోంది.

"ఇంకొంచెం బేగా."

గొంతు నా ఎడమ పక్క నుంచి వచ్చింది.

వెనక సీట్లో ఆయన ముందుకు వంగాడు. "ఏందీ? ఏమంటివి?"

"నేనేమీ అనలేదు," అన్నాను, గేరు మార్చి.