కాదన్న నేస్తం

సుక్రు నోరు విప్పితే షావుకారు గంగరాజు జైలుకి పోతాడు. విప్పకపోతే కొండవాలులో సుక్రు పసుపుచేను పనసచెట్లతో సహా గంగరాజుదైపోతుంది. ఇంతే సంగతి! అయినా ఆ ఉదయం జి.మాడుగుల బంగళా వరండాలో నేను పళ్లు పటపటా కొరుకుతూ నిలబడ్డాను. సుక్రు నోరు విప్పనంటున్నాడు మరి.

నేను సర్కారు ప్లీడర్ని. మద్రాసులో బి.ఎల్. ప్యాసై ఇంకా కోటు నలగకముందే నన్ను ఏజెన్సీలో మేజిస్ట్రేటుగారి కాంపు కోర్టుకి పంపారు. కొండవాళ్ల భూమి మైదానం వాళ్లు కొనకూడదని చట్టం. గంగరాజు కొనలేదు! తన పశువుల కాపరి సోంబరు కొండవాడే కదా, వాడి పేరున రాయించాడు. "సర్కారు పట్టా ఇప్పిస్తాను, వేలిముద్ర వెయ్యి" అన్నాడు, సుక్రు వేశాడు. కత్తి చూపించలేదు, గోడకి కన్నం వెయ్యలేదు, తాంబూలం నములుతూ చేను ఎత్తుకుపోయాడు. ఆ మాట చెప్పి వేలు వేయించాడని సాక్ష్యం చెప్పగలిగినవాడు సుక్రు ఒక్కడే.

"చెప్పవయ్యా!" అని అరిచాను.

సుక్రు మెడలోని పాత జరీ తుండు సర్దుకున్నాడు. "ఆడు నా నేస్తం బాబూ."

"నీ చేను మింగినవాడు నేస్తమా?"

"మింగనీ బాబూ."

నా ఒళ్లు మండిపోయింది. పక్కన కూర్చున్న అతని భార్య కనక చుట్ట నోట్లోంచి తీసి నన్ను ఎగాదిగా చూసింది.

"ఊరికే అరవకు పిలీడరు బాబూ, నీ అరుపుకి కోతులు దిగొస్తాయి. ఈలిద్దరూ నేస్తం కట్టినారు. ఒకే దొప్పలో జీలుగుకల్లు తాగినారు. ఆ తుండు ఆడే కప్పినాడు, మావోడు ఆడికి తేనె ఇచ్చినాడు. నేస్తం మీద సెడ్డ సెప్తే కొండదేవత ఊరుకుంటాదేటి?"

"గంగరాజు నేస్తం కట్టింది ఇతనొక్కడితోనేనా?"

"ఒక్కడేటి! ఆ భీముడు, ఆ బుధు... సేను మంచిదైతే సాలు, ఆడికి నేస్తమే."

అప్పుడు తెలిసింది నాకు. వేలిముద్రకి ముందు తుండు! చేను లాక్కోకముందే నోరు కట్టేశాడు, అదీ వాళ్ల దేవత చేతే కట్టించాడు. ఇంత కుట్ర నా లా పుస్తకాల్లో ఎక్కడా చదవలేదు.

"ఇది తెగే దారే లేదా?"

"మావోడు తెంపలేడు. నలుగురిలో ఆడే కాదంటే తెగిపోద్ది. ఆడెందుకు కాదంటాడు బాబూ?"

ఎందుకనడు! పెద్దమనిషినని మురిసిపోయే షావుకారు, కోర్టులో, ఇస్త్రీ చొక్కాల మధ్య?

ముద్దాయిని నేను ప్రశ్నించకూడదు, మేజిస్ట్రేటుగారు మాత్రం ఎప్పుడైనా అడగవచ్చు. అందుకని ఆ వరండాలోనే కోర్టు మొదలవగానే లేచి, "ముద్దాయి ఈ సుక్రుకి నేస్తం అవునో కాదో తమరు అడగాలి" అన్నాను.

గంగరాజు వకీలు ఫక్కున నవ్వాడు. "షావుకారికీ కొండవాడికీ స్నేహమా! అడగండి, అడగండి."

మేజిస్ట్రేటుగారు అడిగారు. వరండా అంచున జనం మెడలు చాచారు. గంగరాజు ఉత్తరీయం దులుపుకున్నాడు.

"ఏటి బాబూ తమరు కూడానూ! ఈడు నాకు నేస్తమేటండి? కల్లు కంపు కొట్టే కొండోడు. సంతలో ఏదో సరదాకి పాత తుండు పడేశాను."

సుక్రు తలెత్తాడు.

గంగరాజు మొహంలోకే చూశాడు. తర్వాత మెడలో తుండు తీసి, మడత పెట్టి, మెల్లగా తీసుకెళ్లి గంగరాజు కాళ్ల దగ్గర పెట్టాడు. తిరిగొచ్చి నిలబడ్డాడు.

"ఇప్పుడడుగు బాబూ. సెప్తాను."

చెప్పాడు. పట్టా అన్న మాట, వేలు పట్టుకుని అద్దిన తీరు, తర్వాత సోంబరు చేత చేనుకి కంచె కట్టించడం, అన్నీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, అవి చేను కోసం కావు. మోసానికి శిక్షాస్మృతిలో సెక్షను ఉంది. ఆ నీళ్లకి ఏ సెక్షను పెట్టను? చేతిలోని కాగితాలు నలిపేశాను.

అతను ముగించేసరికి భీముడు వరండా ఎక్కాడు. తన తుండు తీసి మొదటిదాని మీద పడేశాడు. "నా సేను కూడా రాసుకో బాబూ." వెనకాలే బుధు వచ్చాడు.

గంగరాజు చెమటలు కక్కుతూ లేచాడు. "ఒరే సుక్రూ! నేస్తం! ఓ మాట ఇనరా!"

కనక విసురుగా వచ్చి ఆ కుప్పలోంచి తన మొగుడి తుండు లాక్కుంది.

"ఇప్పుడా నేస్తం? పో, సచ్చినోడా! పొయ్యి మీద కుండ దించడానికి నాకిది పనికొస్తాది."

"అది సాక్ష్యం, ఇక్కడ ఉండాలి" అన్నాడు గుమాస్తా.

"అయితే ఉంచుకో" అని తుండు అతని బల్ల మీదకి విసిరి, మొగుడి చెయ్యి పట్టుకుంది. "రా, బేగి పోదాం. కంచె పీకాల."