లేచి నిలబడే కారు

భవానీపురంలో మార్కండేయులు ఇంటి పోర్టికోలో ఒక పాత విదేశీ కారు ఉంది. ఇంజను ఆపితే చక్రాల పైనున్న నూనె ఒత్తిడి తగ్గి, పొట్ట నేలకు ఆనుతుందేమో అన్నంతగా దిగిపోతుంది. ఆ రకం కార్లన్నీ అంతే. కానీ ఈ కారు, పొద్దున ఆరింటికి మార్కండేయులు స్నానం చేసి వరండాలోకి రాగానే, తాళం తిప్పకుండానే జానెడు పైకి లేచి నిలబడేది. పెద్దమనిషి వస్తే లేవాలి కదా. వీధిలో ఎవరూ వింతపడలేదు.

"నాకు లేవదు చూడండి. పాలల్లో నీళ్లు కలిపానని దానికెవరు చెప్పారో!" అనేది పాల సీతారావమ్మ.

ఈ ఎండాకాలం కారు కింద ఆకుపచ్చ నూనె మడుగు కట్టింది. కారు ఇక లేవలేదు.

మార్కండేయులు మగ్గం నేసి, బట్టల వ్యాపారంలో నిలదొక్కుకున్న మనిషి. తన పని ఇంకొకరికి అప్పగించడం ఎరగడు. పగిలిన పైపు మార్చాడు. కొత్త నూనెలో నలకలుంటాయని, తను నేసిన కొత్త పంచెలో వడగట్టి పోయబోయాడు.

"మావయ్యగారూ, అది గంజి పెట్టిన పంచె అండీ," అంది కోడలు రేణుక. కంకిపాడులో తండ్రి ట్రాక్టర్ల షెడ్డులో పెరిగిన పిల్ల.

"నా నేతకి వంక పెడతావా అమ్మాయ్?"

అందులోనే వడగట్టి పోశాడు. కారు కాస్త లేచి, మూలిగి, కూలబడింది. గంజి పొడీ నూలు నూగూ వాల్వుల్లో ఇరుక్కున్నాయి.

రేణుక రెండు రోజులు కారు కిందే ఉంది. స్టాండ్లు పెట్టి, మర వదులు చేసి, మిగిలిన ఒత్తిడంతా దించింది. నూనె తీసేసి, ఫిల్టరూ వాల్వులూ కడిగి, కొత్త నూనె పోసింది. ఇంజను నడిపి కారుని ఆరుసార్లు ఎత్తి దించి, గాలి బుడగలు పోయాక గీత దాకా నింపింది.

చల్లపల్లి రామకోటేశ్వరరావు గారికి అలాంటివే ఎనిమిది కార్లున్నాయి. వాటిని చూసుకునే మనిషి కోసం వెతుకుతున్నారు. "ఆ పని నాకు ఇప్పించండి మావయ్యగారూ," అని రేణుక అడిగింది. తీరా ఫోనులో ఆయన, "బాగు చేసిందెవరండీ?" అంటే, "నేనే," అన్నాడు మార్కండేయులు.

చేయని పనికి పేరు తీసుకోవడం దొంగతనమే. ఆ సంగతి ఆయనకి తెలుసు.

ఆదివారం రామకోటేశ్వరరావు గారు వచ్చారు. మార్కండేయులు వరండాలోకి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. కారు కదల్లేదు.

"బాగయిందన్నారు?"

"బాగయిందండీ," అన్నాడు మార్కండేయులు.

రేణుక కాఫీ తెచ్చింది. గోళ్లలో ఆకుపచ్చ మరక ఇంకా ఉంది. కారు నాలుగు చక్రాల మీదా సమంగా, చప్పుడు లేకుండా లేచి నిలబడింది.

వచ్చినాయన కారుని చూశారు, రేణుకని చూశారు.

"మీతో అబద్ధం చెప్పానండీ," అన్నాడు మార్కండేయులు. "చెడగొట్టింది నేను. బాగు చేసింది మా కోడలు. ఇలాంటి చెయ్యి మీకు ఈ జిల్లాలో దొరకదు."

"అయితే మా కార్ల షెడ్డు తాళాలు నీకేనమ్మా. ఎప్పుడొస్తావు?"

రేణుక మామగారి వైపు చూసింది. ఆ ఇంట్లో ఆయన ఎదుట కోడలు కూర్చోవడమనేది లేదు.

మార్కండేయులు కుర్చీ చేతుల మీద బరువు మోపి లేచి నిలబడ్డాడు. కుర్చీ ఆమె వైపు జరిపాడు.

"కూర్చుని మాట్లాడమ్మా. పని నీది."

ఆమె కూర్చుని, "సోమవారం నుంచి వస్తానండీ," అంది. ఆయన నిలబడే ఉన్నాడు, తల ఎత్తుకుని.